ఇంటి గ్యారేజీలో కిట్ స్పోర్ట్స్ కారు: అపోహలు - వాస్తవాలు

బ్రిటన్‌లో స్పోర్ట్స్ కారును కిట్‌గా, అంటే విడిభాగాలుగా కొనుక్కుని, ఇంటి పక్కనున్న చిన్న గ్యారేజీలో సొంత చేతులతో బిగించుకుని, ప్రభుత్వ పరీక్ష గట్టెక్కించి, నంబరు వేయించుకుని రోడ్డు మీద తిప్పడం అరవై ఏళ్లకు పైబడి సాగుతున్న ఆనవాయితీ. వాహనాల ఇంజినీరింగ్ నా వృత్తి. ఇలా ఇళ్లలో తయారైన కార్లను ఆ పరీక్షకు వెళ్లకముందు ఆసాంతం చూసి లోపాలు చెప్పడం అందులో నాకు ఎక్కువ ఇష్టమైన పని. ఇక్కడ స్థిరపడిన తెలుగువారు, హైదరాబాద్, విజయవాడల నుంచి ఫోన్ చేసే కుర్రవాళ్లు అడిగే ప్రశ్నల వెనక కొన్ని అపోహలు మళ్లీ మళ్లీ కనిపిస్తుంటాయి. నాకు బాగా తెలిసిన లోటస్ సెవెన్ తరహా రెండు సీట్ల కారును దృష్టిలో పెట్టుకుని వాటికి ఇక్కడ సమాధానాలు రాస్తున్నాను.

అపోహ: ఇది చట్టం కళ్లుగప్పి చేసే పని.

వాస్తవం: చట్టం దీనికి మొదటినుంచీ దారి ఇచ్చింది. కోలిన్ చాప్‌మన్ స్థాపించిన లోటస్ సంస్థ 1957లో సెవెన్‌ను తెచ్చినప్పుడు, పూర్తిగా తయారైన కారు మీద ప్రభుత్వం కొనుగోలు పన్ను వసూలు చేసేది. విడిభాగాలుగా కొని ఇంట్లో బిగించుకున్నవారికి ఆ పన్ను ఉండేది కాదు కాబట్టి, జీతం మీద బతికే యువకులకు కూడా స్పోర్ట్స్ కారు అందుబాటులోకి వచ్చింది. 1973 ఏప్రిల్‌లో కొనుగోలు పన్ను రద్దయి దాని స్థానంలో వ్యాట్ రావడంతో ఆ వెసులుబాటు పోయింది. అదే ఏడాది సెవెన్ తయారీ హక్కులు కేటర్‌హామ్ సంస్థ చేతికి వెళ్లాయి. పన్ను లాభం లేకపోయినా కిట్లు నేటికీ అమ్ముడవుతున్నాయి. కొనేవారికి కారు ఎంత ముఖ్యమో దాన్ని తయారుచేసుకోవడమూ అంతే ముఖ్యమని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇప్పుడు ఇంట్లో తయారైన ప్రతి కారూ ఐవీఏ (ఒక్కో వాహనాన్ని విడిగా పరీక్షించి ఆమోదించే పద్ధతి) అనే పరీక్షలో నెగ్గాలి. 1998లో కార్లకు మొదలైన ఎస్వీఏ పరీక్ష స్థానంలో ఇది 2009లో వచ్చింది. పరీక్షను వాహనాల ప్రమాణాలు చూసే ప్రభుత్వ సంస్థ డీవీఎస్ఏ జరుపుతుంది, ఆ ధ్రువపత్రం చూసి రిజిస్ట్రేషన్ సంస్థ డీవీఎల్ఏ నంబరు ఇస్తుంది. కిట్ కార్లన్నిటికీ ‘క్యూ’ అక్షరంతో మొదలయ్యే నంబరే వస్తుందని కొందరు అనుకుంటారు, అది నిజం కాదు. భాగాలన్నీ కొత్తవైతే కొత్త కారుకు వచ్చే నంబరే వస్తుంది, కొత్త కారు విషయంలో బాగుచేసిన పాత భాగాన్ని ఒక్కదాన్ని వాడుకోవడానికి అనుమతి కూడా ఉంది. ఒకే పాత కారు నుంచి రెండు ప్రధాన భాగాలు తీసుకుంటే ఆ కారు వయసును బట్టి నంబరు ఇస్తారు. వయసు తేల్చలేని కలగూరగంప బండ్లకే ‘క్యూ’ వస్తుంది. అందుకే ప్రతి భాగానికీ రసీదు దాచుకోవాలి.

అపోహ: దీనికి పెద్ద షెడ్డు కావాలి.

వాస్తవం: ఇక్కడి ఇళ్లలో ఒక కారుకు సరిపోయే గ్యారేజీ సుమారు 2.4 మీటర్ల వెడల్పు, 4.9 మీటర్ల పొడవు ఉంటుంది. సెవెన్ తరహా కారు పొడవు దాదాపు 3.1 మీటర్లు, వెడల్పు 1.6 మీటర్ల లోపే. గ్యారేజీలో అటూ ఇటూ మనిషి ఒరిగి పనిచేసుకునేంత చోటు మిగులుతుంది. ఇబ్బంది కారు వల్ల రాదు, దానితో వచ్చే అట్టపెట్టెల వల్ల వస్తుంది. చక్రాల మీద కప్పే రెక్కలు, ముక్కు, సీట్లు చివరి వారాల్లో తప్ప అవసరం రావు, గ్యారేజీలో ఉంచితే గీతలు పడతాయి. వాటిని ఇంట్లో ఒక గదిలో పెట్టుకోవడానికి ఇంటావిడ అనుమతి ముందే తీసుకోవడం మంచిదని అందరికీ చెబుతుంటాను.

స్థలం విషయంలో నిజంగా ఆలోచించాల్సింది కారులోకి ఇంజిను దించే రోజు గురించి. ఇంజినునూ గేర్ బాక్సునూ బయటే జతచేసి, చిన్న క్రేనుకు వేలాడదీసి, గేర్ బాక్సు తోక బాగా కిందికి వంచి, ఛాసీ (కారుకు ఎముకల గూడులాంటి చట్రం) ముందువైపు నుంచి లోపలికి జార్చాలి. క్రేను కాళ్లు కారు కిందికి పోవాలి, దాని వెనక మనిషి నిలబడాలి. కాబట్టి మొదటి రోజే కారు ముక్కు గ్యారేజీ తలుపు వైపు ఉండేలా పెట్టుకుంటే, ఆ రోజు తలుపెత్తి క్రేనును బయట వాకిట్లోనే నిలబెట్టుకోవచ్చు. ముక్కు గోడవైపు పెట్టినవారు సగం తయారైన కారును మోసి తిప్పాల్సి వస్తుంది. దించేముందు ఛాసీ గొట్టాలకు అట్టముక్కలు చుట్టి టేపు వేయాలి. గేర్ బాక్సులో ఆయిల్ కూడా ముందే నింపేయాలి, ఎందుకంటే అది సీట్ల మధ్యనున్న సన్నటి సొరంగంలోకి వెళ్లాక ఆయిల్ పోసే బిరడాకు చేయి అందదు.

చలికాలపు తేమను కూడా లెక్కలోకి తీసుకోవాలి. కిరోసిన్ హీటరు పెడితే గది వేడెక్కుతుంది కానీ, అది మండేటప్పుడు వెలువడే నీటి ఆవిరి చల్లని ఉక్కు మీద చెమ్మగా చేరి బ్రేకు డిస్కులకు తుప్పు పట్టిస్తుంది. కరెంటు హీటరే వాడాలి.

అపోహ: ఆరితేరిన మెకానిక్ అయి ఉండాలి, వెల్డింగ్ రావాలి.

వాస్తవం: కిట్‌లో వచ్చే ఉక్కు గొట్టాల ఛాసీ అప్పటికే వెల్డింగ్ అయి, పౌడర్ కోటింగ్ (పొడి రంగు పూత) వేసుకుని, అల్యూమినియం రేకులు రివెట్లతో బిగించుకుని వస్తుంది. వైర్ల కట్ట కూడా తయారుగానే ఉంటుంది. 25 మిల్లీమీటర్ల చదరపు గొట్టం కొని ఛాసీని మొదటినుంచీ తామే తయారుచేసుకునేవారు వేరే ఉన్నారు, వెల్డింగ్ కావలసింది వారికి. సస్పెన్షన్ బిగించే చోట్లు కొద్ది మిల్లీమీటర్లు అటూ ఇటూ అయినా కారు నడక చెడిపోతుంది కాబట్టి, మొదటిసారి చేసేవారికి ఆ దారి నేను సూచించను. కిట్‌కు మంచి స్పానర్ల సెట్టు, బోల్టును నిర్ణీత బిగువుకు బిగించే టార్క్ రెంచి, రివెట్ గన్ను, డ్రిల్లు, ఆకురాయి, జాకీ, నాలుగు గట్టి స్టాండ్లు ఉంటే చాలు. క్రేను ఒక్కరోజుకు అద్దెకు దొరుకుతుంది.

నైపుణ్యం కన్నా ఇక్కడ వరుసక్రమం ముఖ్యం. రబ్బరు బుష్‌ల సంగతే చూడండి. సస్పెన్షన్ చేతుల చివర ఉండే ఈ బుష్‌లో లోపల ఒక ఉక్కు గొట్టం, బయట ఒక గొట్టం, రెంటికీ అతుక్కుని మధ్యలో రబ్బరు ఉంటాయి. బోల్టు బిగించగానే లోపలి గొట్టం బ్రాకెట్టుకు పట్టేస్తుంది, ఆ తర్వాత చక్రం పైకీ కిందికీ కదిలినప్పుడల్లా రబ్బరు మెలితిరుగుతూ ఉంటుంది. కారు స్టాండ్ల మీద ఉండి చక్రాలు వేలాడుతున్నప్పుడే ఆ బోల్టును పూర్తిగా బిగించేస్తే, కారు నేల మీదికి దిగిన క్షణం నుంచి రబ్బరు ఎప్పుడూ మెలికలోనే ఉండి కొంతకాలానికి చిరిగిపోతుంది, కారు ఎత్తు కూడా తప్పుగా నిలుస్తుంది. అందుకే మొదట చేతి బిగువుతో వదిలేసి, అన్ని భాగాలూ ఎక్కి, కారు తన బరువు మీద తాను నిలబడ్డాక, సీట్లో మనిషి బరువుకు సరిపడా ఇసుక మూటలు పెట్టి, అప్పుడు టార్క్ రెంచితో చివరి బిగింపు బిగించాలి.

ఏ బోల్టు వదులుగా ఉంచామో, ఏది బిగించామో గుర్తుపెట్టుకోవడం ఎవరి వల్లా కాదు. చేతి బిగువుకు పసుపు చుక్క, టార్క్ రెంచితో బిగించాక నట్టు మీది నుంచి బోల్టు మీదికి ఒక తెల్లటి గీత పెట్టుకుంటే, తర్వాత ఎప్పుడు చూసినా నట్టు కదిలిందో లేదో కంటికే తెలిసిపోతుంది. నా దగ్గరికి వచ్చిన కారు కిందికి దూరగానే నేను వెతికేది ఆ తెల్లటి గీతలనే. నైలాన్ వలయం ఉన్న నట్టును ఒకసారి విప్పితే పారేసి కొత్తది వేయాలి. పొదుపు చేయాల్సిన చోటు అది కాదు.

అపోహ: అన్నిటికన్నా కష్టమైనది ఇంజిను.

వాస్తవం: ఇంజిను దించడానికి సాయానికి ఒక మనిషి, ఒక పూట సమయం ఉంటే సరిపోతుంది. రోజులకు రోజులు తినేసేది విద్యుత్తు. పౌడర్ కోటింగ్ కరెంటును పోనివ్వదు, ఫైబర్ గ్లాసు రెక్కలు అసలే పోనివ్వవు. పెద్ద కంపెనీల ఉక్కు కార్లలో దీపానికి ఎర్త్ (కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి) బాడీ గుండానే దొరుకుతుంది. ఇక్కడ ప్రతి దీపానికీ వేరుగా తీగ లాగాలి, ఆ తీగ ఛాసీని తాకే చోట కోటింగును ఆకురాయితో గీకి, మెరిసే ఉక్కు బయటపడ్డాక పళ్ల వాషరు వేసి బిగించి, పైన గ్రీజు పూయాలి. ఒక కారులో బ్రేకు తొక్కితే వెనక ఇండికేటరు దీపాలు సన్నగా వెలుగుతుండేవి. యజమాని బల్బులు మార్చాడు, రిలేలు మార్చాడు, చివరికి వైర్ల కట్టనే మార్చబోయాడు. వెనకవైపు ఎర్త్ బోల్టు కింద కోటింగ్ అలాగే ఉండిపోయింది. దారి మూసుకుపోయిన కరెంటు పక్క దీపం గుండా వెనక్కి పోతోంది. గీకి బిగించగానే ఆ తంటా తీరింది.

మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు ఆత్రం పనికిరాదు. స్పార్క్ ప్లగ్గులు తీసి, పెట్రోలు పంపు ఆపి, గేజిలో ఆయిల్ ఒత్తిడి కనిపించేదాకా స్టార్టరుతో ఇంజినును తిప్పాలి. ఆ తర్వాతే ప్లగ్గులు పెట్టాలి. తలుపు తెరిచి ఉంది కదా అని గ్యారేజీ లోపల ఇంజిను నడపకండి. కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, ఇంటికి ఆనుకున్న గ్యారేజీ అయితే అది ఇంట్లోకీ పాకుతుంది. కారును వాకిట్లోకి తోసి అక్కడే స్టార్ట్ చేయండి. పెట్రోలు కూడా బయటే నింపండి, దాని ఆవిరి గాలికన్నా బరువైనది కావడం వల్ల నేలబారుగా సాగుతుంది. ఇక్కడ చాలా ఇళ్లలో గ్యాస్ బాయిలరు గ్యారేజీలోనే ఉంటుందన్నది మరవకూడదు.

అపోహ: ఐవీఏ నామమాత్రపు పరీక్ష. మరికొందరి మాట: అధికారి మనసును బట్టి ఫలితం.

వాస్తవం: రెండూ తప్పే. ఏది ఎలా కొలవాలో నియమావళిలో రాసే ఉంది, అది ఎవరైనా చదువుకోవచ్చు. కారు వెలుపలి అంచుల సంగతే తీసుకుంటే, 100 మిల్లీమీటర్ల వ్యాసం గల గోళం తాకగలిగిన ప్రతి అంచూ కనీసం 2.5 మిల్లీమీటర్ల వ్యాసార్ధంతో గుండ్రంగా ఉండాలి. దారిన పోయే మనిషికి తగిలితే చర్మం చీలకూడదన్నది దాని ఉద్దేశం. చక్రాల రెక్కల అంచు, అద్దాల కాడలు, ముందు సస్పెన్షన్ నట్లు, నంబరు పలక మూలలు ఇక్కడే పట్టుబడతాయి. రెక్కల అంచుకు రబ్బరు పట్టీ, నట్లకు ప్లాస్టిక్ టోపీలు తొడిగితే సరిపోతుంది.

స్పీడోమీటరు అసలు వేగం కన్నా ఎప్పుడూ తక్కువ చూపించకూడదు, ఎక్కువ చూపించడానికి మాత్రం ఒక హద్దు మేరకు అనుమతి ఉంది. అందువల్ల దాన్ని కాస్త ఎక్కువ చూపేలా పెట్టుకుని వెళ్లడం మంచిది. మలుపు తిప్పి వదిలితే స్టీరింగు మధ్యకు తనంతట తాను రావాలి. ఇంత తేలిక కారులో ఆ గుణం బలహీనంగా ఉంటుంది కాబట్టి, వీల్ అలైన్‌మెంటును ఆ రోజుకు ముందే సరిచూసుకోవాలి. వెనక ఫాగ్ లైటు మధ్యలోగానీ కుడివైపుగానీ ఉండాలి, ఎడమవైపు పెట్టి తిరిగివచ్చినవారు ఉన్నారు. మొదటిసారి తప్పితే కుంగిపోనక్కర్లేదు. అధికారి లోపాల జాబితా రాసిస్తారు, అవి సరిచేసుకుని తక్కువ రుసుముతో మళ్లీ వెళ్లవచ్చు. ముందే తీసుకున్న అపాయింట్‌మెంటు కోసం అయితే, బీమా ఉన్న కారును నంబరు లేకుండానే పరీక్షా కేంద్రానికి నడుపుకుంటూ వెళ్లడానికి చట్టం ఒప్పుకుంటుంది.

అపోహ: కంపెనీ కారు కన్నా చౌక.

వాస్తవం: కాదు. కిట్ ధర మీద పనిముట్లు, ఆయిళ్లు, పరీక్ష రుసుము, బీమా అన్నీ కలుస్తాయి. ఖర్చు తగ్గాలంటే మాజ్డా ఎంఎక్స్-5 లాంటి పాత కారును కొని దాని ఇంజిను, గేర్ బాక్సు, వెనక డిఫరెన్షియల్ వాడుకునే కిట్లు ఉన్నాయి. అయితే పాత భాగాలను విప్పి, కడిగి, సీళ్లు మార్చే పని అదనంగా మీద పడుతుంది.

అపోహ: ఇంట్లో తయారైంది కాబట్టి ప్రమాదకరం.

వాస్తవం: శ్రద్ధగా బిగించి పరీక్ష నెగ్గిన కారు నడకలో, బ్రేకుల్లో దేనికీ తీసిపోదు. పెద్ద వాహనం వచ్చి ఢీకొంటే మాత్రం అర టన్ను చుట్టుపక్కల బరువున్న, ఎయిర్ బ్యాగులు లేని ఈ కారు ఆధునిక కారంత రక్షణ ఇవ్వదు. ఈ మాట కొనేముందే ఇంట్లోవాళ్లకు చెప్పాలి.

అపోహ: కిట్‌ను హైదరాబాద్‌కు తెప్పించుకుని, బిగించి, ఆర్టీఏలో నంబరు వేయించుకోవచ్చు.

వాస్తవం: ఒక మనిషి ఇంట్లో తయారుచేసుకున్న ఒకే ఒక్క కారును పరీక్షించి ఆమోదించే ఐవీఏ లాంటి ఏర్పాటు భారతదేశంలో లేదు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 126వ నిబంధన ప్రకారం తయారీదారు తన నమూనాను పుణేలోని ఏఆర్ఏఐ వంటి వాహన పరీక్షా సంస్థలో పరీక్ష చేయించి ఆమోదం పొందాలి, నంబరు కోసం వచ్చే బండికి తయారీదారు ఇచ్చే ఫారం 22 అనే ధ్రువపత్రం ఉండాలి. పాత కారు కాగితాల మీద కొత్త శరీరం ఎక్కిస్తే సరిపోతుందని సలహా ఇచ్చేవారి మాట నమ్మవద్దు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అటువంటి మార్పులను నిషేధిస్తోంది, తయారీదారు నిర్దేశించిన రూపానికి భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా తేల్చిచెప్పింది.

రోడ్డు మీదికి తీసుకురానంతవరకు ఈ విద్య నేర్చుకోవడానికి అక్కడా అడ్డు లేదు. ఇంజినీరింగ్ కళాశాలల విద్యార్థులు గొట్టాల ఛాసీని సొంతంగా రూపొందించి, సస్పెన్షన్ బిగించి, పోటీకి దింపే బాజా ఎస్ఏఈ ఇండియా, ఫార్ములా భారత్ పోటీలు ఉన్నాయి. బుష్‌లు, ఎర్త్ బోల్టులు, తెల్లటి గీతల గురించి పైన రాసిన ప్రతి మాటా ఆ బండ్లకూ వర్తిస్తుంది. మీ కళాశాలలో అటువంటి జట్టు ఉంటే మొదటి సంవత్సరంలోనే చేరండి, సీనియర్లు విప్పి పక్కన పెట్టిన పాత బండిని తిరిగి బిగించే పని అడిగి మరీ తీసుకోండి.