“దేనితో పోలిస్తే?”: రీసెర్చ్ గురించి నేను తరచూ వినే అపోహలు

కొత్త మందుల్ని మనుషుల మీద పరీక్షించి చూసే క్లినికల్ ట్రయల్‌లో చేరదామని వచ్చినవాళ్లకు మొదట కనిపించేది నేనే. సమ్మతి పత్రం చదివి వినిపించేదీ, అనుమానాలు తీర్చేదీ, వద్దనుకుంటే నవ్వుతూ సాగనంపేదీ నేనే. ఇన్నేళ్లలో మనుషులు మారారు గానీ అడిగే ప్రశ్నలు పెద్దగా మారలేదు. అందుకే ఒకచోట రాసిపెడుతున్నాను.

అపోహ: సంతకం పెట్టామంటే ఇరుక్కున్నట్టే. ఇక వాళ్లిష్టం.

ఈ భయం ఊరికే పుట్టలేదు. అమెరికాలోని అలబామా రాష్ట్రంలో 1932 నుంచి 1972 దాకా టస్కీగీ అధ్యయనం నడిచింది. సిఫిలిస్ అనే లైంగిక వ్యాధి ఉన్న దాదాపు 400 మంది నల్లజాతి పురుషులకు సరైన చికిత్స ఇవ్వకుండా, జబ్బు ఎలా ముదురుతుందో చూస్తూ కూర్చున్నారు. దాన్ని నయం చేసే పెనిసిలిన్ అందుబాటులోకి వచ్చాక కూడా ఇవ్వలేదు. అసలు జబ్బు పేరే చెప్పకుండా “చెడ్డ రక్తం” అని సరిపెట్టారు. నడిపింది ప్రభుత్వ ఆరోగ్య విభాగమే. అది బయటపడ్డాక రేగిన ఆగ్రహంలోంచే ఇవాళ్టి నియమాలు చాలా పుట్టాయి.

వాస్తవం ఏమిటంటే, ఎప్పుడైనా, ఏ కారణమూ చెప్పకుండా మానేయొచ్చు. మానేసినందుకు మీకు రావాల్సిన మామూలు వైద్యం ఆగకూడదు. సంతకం నా పనిలో చిన్న భాగం. “ఇప్పటిదాకా చెప్పిందాంట్లో మీకేం అర్థమైందో నాకు చెప్పండి” అంటాను. అక్కడ తడబడితే మళ్లీ మొదటి పేజీకే. చదవకుండా గబగబా సంతకం పెట్టేసేవాళ్లతోనే నాకు ఎక్కువ టెన్షన్.

అపోహ: మందు వేసుకున్నాక తగ్గింది, కాబట్టి మందు వల్లే తగ్గింది.

కాకి వాలింది, తాటిపండు రాలింది. కాకతాళీయం అనే మాట మన దగ్గర ఎప్పటి నుంచో ఉంది. అయినా మన ఒంటి దగ్గరికి వచ్చేసరికి మరిచిపోతాం. నొప్పి బాగా ముదిరినప్పుడే కదా డాక్టర్ దగ్గరికి వెళ్తాం. హెచ్చుతగ్గులుండే ఏ నొప్పయినా అంత ఎక్కాక ఏం చేసినా, ఏమీ చేయకపోయినా, కొంత దిగే అవకాశమే ఎక్కువ. ఆ దిగడం మందు ఖాతాలో పడుతుంది.

ఇది జబ్బులకే కాదు. ఇజ్రాయెల్ వైమానిక దళంలో పైలట్లకు శిక్షణ ఇచ్చే ఒకాయన మనస్తత్వవేత్త డేనియల్ కానెమన్‌తో వాదించాడు: “బాగా చేసినవాణ్ని మెచ్చుకుంటే మరుసటిసారి చెడగొడతాడు. తిడితే దారికొస్తాడు.” చూసింది నిజమే, తేల్చుకున్నదే తప్పు. అద్భుతంగా చేసినవాడు మళ్లీ అంతే అద్భుతంగా చేయడం అరుదు, ఘోరంగా చేసినవాడు మళ్లీ అంత ఘోరంగా చేయడమూ అరుదే. తిట్టినా తిట్టకపోయినా ఇద్దరూ తమ మామూలు స్థాయి వైపే వస్తారు. పిల్లల మార్కుల విషయంలో పెద్దవాళ్లు ఇదే పొరపాటు చేయడం చూస్తే నాకు ఈ పైలట్లే గుర్తొస్తారు.

అందుకే మా పనిలో అన్నిటికంటే ముందు వచ్చే ప్రశ్న: దేనితో పోలిస్తే? చీటీలు తీసినట్టు మనుషుల్ని రెండు గ్రూపులు చేసి, ఒకదానికే ఆ మందు ఇచ్చేది ఇందుకే. తనంతట తానే తగ్గేది రెండు గ్రూపుల్లోనూ తగ్గుతుంది. పైన మిగిలిన తేడాయే మందుది.

అపోహ: మందు ఎలా పనిచేస్తుందో తెలిశాక ట్రయల్ దేనికి? కాలయాపన.

ఈ మాట చదువుకున్నవాళ్ల దగ్గరే ఎక్కువ వింటాను. గుండెపోటు వచ్చి బతికినవాళ్లలో గుండె లయ తప్పి కొట్టుకోవడం కనిపిస్తే చనిపోయే ముప్పు ఎక్కువని తెలుసు. ఆ తప్పుడు లయను అణిచే మందులు ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ అప్పటికే ఉన్నాయి, డాక్టర్లు రాస్తూనే ఉన్నారు. ఇక్కడ ఏ తర్కదోషమూ కనపడదు. ఆ రెండింటికీ పోటీగా మందు లేని డమ్మీ మాత్ర పెట్టి పరీక్షించారు. మందులు తీసుకున్న 755 మందిలో 63 మంది చనిపోయారు. డమ్మీ మాత్ర తీసుకున్న 743 మందిలో 26 మందే. లయ సర్దుకుంది, మనుషులు పోయారు. 1989లో ఆ రెండు మందుల పరీక్షను మధ్యలోనే ఆపేశారు. డమ్మీ గ్రూపే లేకపోతే ఆ చావులన్నీ “పాపం, గుండె జబ్బు మనిషి” అనే లెక్కలో కలిసిపోయేవి.

అపోహ: డమ్మీ మాత్ర ఇవ్వడమంటే మోసం.

మీకు డమ్మీ పడొచ్చని ముందే చెప్తాం, రాతలో ఉంటుంది. పనిచేసే మందు ఇప్పటికే ఉన్న జబ్బయితే సాధారణంగా కొత్తదాన్ని ఆ పాత మందుతోనే పోలుస్తారు. ఇంకో వింత: 2010లో పేగు సమస్య ఉన్న 80 మందితో ఒక అధ్యయనం జరిగింది. దాదాపు సగం మందికి “ఇందులో మందు లేదు” అని చెప్పి మరీ మాత్రలిచ్చారు. మూడు వారాలయ్యేసరికి, ఏ మాత్రా ఇవ్వనివాళ్లకంటే తమకు నయంగా ఉందని వాళ్లే చెప్పారు. అలాగని డమ్మీ మాత్ర గడ్డల్ని కరిగించదు. బాధ అనిపించే తీరును మారుస్తుంది, అంతవరకే.

అపోహ: “ముప్పు రెట్టింపు” అంటే భయపడాల్సిందే.

దేని కంటే రెట్టింపో ముందు అడగండి. 1995లో బ్రిటన్‌లో కొన్ని గర్భనిరోధక మాత్రల వల్ల రక్తం గడ్డకట్టే ముప్పు రెట్టింపవుతుందని హెచ్చరిక వచ్చింది. 7,000 మందిలో ఒకరికి వచ్చేది ఇద్దరికి వస్తుందన్నమాట. అదీ రెట్టింపే. చాలామంది మాత్రలు మానేశారు, ఆ మరుసటి ఏడాది అబార్షన్లు పెరిగాయి.

అపోహ: సైకాలజీ పరిశోధనలన్నీ ఉత్తివే.

2015లో 100 అధ్యయనాల్ని మళ్లీ చేసి చూశారు. మొదటిసారి 97 శాతం సానుకూల ఫలితాలిచ్చినవి, రెండోసారి 36 శాతమే ఇచ్చాయి. తలదించుకోవాల్సిన సంగతే, కాదనను. కానీ ఆ లెక్క తీసినవాళ్లూ సైకాలజిస్టులే. తమ ఇంటి చెత్త తామే ఊడ్చుకున్నారు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. కుండలో మెతుకులన్నీ ఒకే మంట మీద ఉడికాయి కాబట్టి అది చెల్లుతుంది. కాలేజీ కుర్రాళ్లు యాభై మందిని పట్టి చూసి మనుషులంతా ఇంతే అంటే చెల్లదు.

“21 రోజులు చేస్తే ఏదైనా అలవాటైపోతుంది” అనే మాట సంగతీ ఇక్కడే. ఆ అంకె ఒక ప్లాస్టిక్ సర్జన్ తన పేషెంట్లను గమనించి చెప్పింది, అదీ “కనీసం” అని. 2010లో 96 మందితో చేసిన అధ్యయనంలో మధ్యస్థంగా 66 రోజులు పట్టింది, మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా. ఆ అధ్యయనం నడిచింది 12 వారాలే కాబట్టి 254 అనేది లెక్కగట్టిన అంచనా. ఈ ముక్క ఎవరూ చెప్పరు.

అపోహ: నాకేది పడిందో మీకు తెలుసు, దాస్తున్నారు.

తెలియదు. నాకూ తెలియదు, డాక్టర్‌కూ తెలియదు. తెలిస్తే మా పలకరింపులోనే తేడా వచ్చేస్తుంది. ఎవరికేది పడిందో ఒక కోడ్‌లో దాచి ఉంటుంది, అత్యవసరమైతే తప్ప ట్రయల్ ముగిసేదాకా దాన్ని విప్పరు. ఒక పెద్దాయన ప్రతి విజిట్‌లోనూ “నాది అసలు మందేనమ్మా, ఒంట్లో తెలుస్తోంది” అనేవారు. చివర్లో కోడ్ విప్పితే డమ్మీ. ఎలా చెప్పాలా అని నేను తటపటాయిస్తుంటే ఆయన కాసేపు ఆలోచించి అడిగారు: “సరే గానీ, ఆ డమ్మీవే ఇంకో నెలకు సరిపడా ఇస్తారా?”