ఛత్రపురం ఇసక, కళ్లద్దాల మెరుపు

బరంపురంలో మా మేనమామకి కళ్లద్దాల షాపు ఉండేది. ప్లాస్టిక్ అద్దాలు ఇంతగా రాని రోజులవి. వెనక గదిలో గాజు బిళ్లల్ని ఆయనే అరగదీసేవారు. ముందు ఎమరీ పొడితో ఆకారం తెప్పించేవారు. అప్పటికి బిళ్ల పాలు పూసినట్టు తెల్లగా ఉంటుంది, అవతల ఏమీ కనిపించదు. తర్వాత ఫెల్టు గుడ్డ మీద గులాబీరంగు పొడిని నీళ్లతో కలిపి రుద్దితే, ఆ తెలుపు కొంచెం కొంచెంగా పోయి గాజు తేటపడేది. "ఒరేయ్, ఆ ఎమరీ చేతుల్తో గుడ్డ ముట్టుకోకు" అని కసిరేవారు. ఒక్క ఎమరీ రేణువు పడిందా, గంటసేపటి పని గీతలపాలే.

ఆ పొడి సీరియం ఆక్సైడ్, అంటే సీరియం అనే లోహం ఆక్సిజన్‌తో కలిసిన పదార్థం. సీరియం దొరికే ముఖ్యమైన ఖనిజాల్లో ఒకటి మోనజైట్. అది మాకు పాతిక కిలోమీటర్ల లోపే, ఛత్రపురం తీరపు ఇసకలో ఉంది. కేంద్ర ప్రభుత్వ సంస్థ ఐఆర్ఈఎల్ (పాత పేరు ఇండియన్ రేర్ ఎర్త్స్) అక్కడి ఇసక నుంచి ఖనిజాల్ని వేరు చేస్తుంది.

ఎమరీ గాజుకన్నా గట్టిది కాబట్టి గీస్తుంది, సరే. సీరియం ఆక్సైడ్ గట్టిదనంలో గాజుకి అటూ ఇటూగా ఉంటుంది. మరి గాజుని ఎలా అరగదీస్తుంది?

ఎమరీ రేణువు లోతుగా దిగినప్పుడు గాజు పగిలి, పెచ్చులు ఊడుతుంది. ఆ గుంతల మీద వెలుగు చెదిరిపోతుంది, తెలుపు అందుకే. కోత లోతు మైక్రాన్‌లో (మిల్లీమీటరులో వెయ్యో వంతు) చిన్న వంతుకి తగ్గితే మాత్రం అంత పెళుసు గాజూ పగలదు, మైనంలా ఒదుగుతుంది. సీరియం ఇంకో పని కూడా చేస్తుంది. నీళ్లు తగిలి పైపొర బంధాలు వదులవుతాయి. రేణువు ఆక్సిజన్ ద్వారా ఆ పొరకి అతుక్కుని, కదిలేటప్పుడు పిసరంత పీక్కుపోతుంది. గీయడం తక్కువ, పీకడం ఎక్కువ! దీన్ని 'కెమికల్ టూత్' అంటారు. నాకైతే పన్నుకన్నా జిగురు అనిపిస్తుంది.

చిప్‌ల తయారీలో సిలికాన్ డయాక్సైడ్ పొరల్ని చదును చేసేందుకూ ఇదే పొడి వాడతారు, కాకపోతే నానోమీటర్ల (మిల్లీమీటరులో పది లక్షల వంతు) రేణువులతో. చిప్‌లు తయారయ్యే 300 మిల్లీమీటర్ల సిలికాన్ పళ్లేన్ని (వేఫర్) బరంపురం నుంచి అనకాపల్లి దాకా, అంటే సుమారు 300 కిలోమీటర్లకి సాగదీశామనుకోండి. ఒక నానోమీటరు గరుకు అప్పుడు ఒక మిల్లీమీటరు. అసలు 'నానోటెక్నాలజీ' అనే మాటని 1974లో వాడిన జపాన్ శాస్త్రవేత్త నోరియో తనిగుచి కూడా మాట్లాడింది ఇలాంటి అతిసూక్ష్మ మెషినింగ్ గురించే. మందులూ రోబోలూ ఆ మాటకి తర్వాత వచ్చి చేరాయి.

అక్కడా భయం ఒకటే: పెద్ద రేణువు. ముద్దకట్టిన ఒక్క కణం చాలు, గీత పడి చిప్ పాడవుతుంది. అందుకే ఆ పొడి కలిపిన నీళ్లని వాడేముందు సన్నని ఫిల్టర్ల గుండా పంపుతారు.