శనివారం గంటసేపు మౌనం: అపోహలు - వాస్తవాలు

అమెరికాలో మేముండేది చిన్న ఊరు. పోస్టాఫీసు ముందు పేవ్‌మెంట్ మీద ప్రతి శనివారం పన్నెండు నుంచి ఒంటిగంట దాకా, యుద్ధాలు వద్దని కొందరం మాట్లాడకుండా నిలబడతాం. ఎనిమిదేళ్లుగా నేనూ వెళ్తున్నాను. ఇక్కడి మన తెలుగువాళ్లు నన్ను అడిగే ప్రశ్నల్లోంచి కొన్ని.

అపోహ: జనం రాకపోతే నవ్వులపాలే కదా అక్కా?

1988 జనవరిలో జెరూసలేంలో పాలస్తీనా ప్రాంతాల ఆక్రమణ ఆపాలంటూ నల్లబట్టలతో నిలబడిన ఇజ్రాయెలీ మహిళలు కొద్దిమందే. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం గంటసేపు నిలబడేవారు. 'విమెన్ ఇన్ బ్లాక్' పేరుతో ఆ పద్ధతి ఎన్నో దేశాలకు పాకింది. జనం కాదు, తప్పకుండా రావడమే దీని బలం. ఒక జనవరిలో మంచు పడి మేమిద్దరమే వెళ్లాం. తర్వాతి వారం ఉత్తరాలు పంచే ఆయన ఆగి, "పోయిన వారం ఇద్దరే ఉన్నారేం?" అన్నాడు. లెక్కపెడుతున్నాడన్నమాట! అప్పటినుంచి మా నియమం ఒక్కటే: ఇద్దరుంటే నిలబడతాం, ఒక్కరే మిగిలితే ఇంటికెళ్లిపోతాం.

అపోహ: నోరు మూసుకుని నిలబడటానికి ప్రిపరేషన్ ఎందుకు?

అసలు కష్టం అక్కడే. కారు అద్దం దించి "మీ దేశానికి పో" అని అరిచేవాళ్లుంటారు. మొదటి ఏడాది నేనొకసారి ఉండబట్టలేక జవాబిచ్చాను. పది నిమిషాలు వాదన. ఆ పది నిమిషాలూ మా బోర్డులు చదివినవాళ్లు లేరు, అందరూ మా గొడవే చూశారు. ఇప్పుడు వారానికొకరికి మాట్లాడే డ్యూటీ. వాళ్లు కరపత్రాలు పట్టుకుని వరస చివర ఉంటారు. పోలీసులొచ్చినా, విలేకరి వచ్చినా, తిట్టేవాళ్లొచ్చినా వాళ్లే చూసుకుంటారు. మిగతావాళ్లు పెదవి విప్పరు, వెటకారంగా నవ్వరు కూడా.

బోర్డు సంగతి. కారులో పోయేవాళ్లకు దొరికేది రెండు మూడు సెకన్లు. నాలుగు మాటలు, అరచేయంత అక్షరాలు, అంతే. నా మొదటి బోర్డు మీద పేరా రాశాను, తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. కర్రలు వాడం. దారం కట్టి మెడలో వేసుకుంటాం.

అపోహ: పర్మిషన్ లేకుండా నిలబడితే అరెస్టే.

ఇక్కడ వీధి పేవ్‌మెంట్ మీద, దారికి అడ్డం లేకుండా కొద్దిమంది నిలబడటానికి మామూలుగా పర్మిట్ అక్కర్లేదు. మైకు పెట్టినా, రోడ్డెక్కినా లెక్క మారుతుంది. ఒక్క మెలిక: పోస్టాఫీసు స్థలంలోని సొంత నడకదారి వీధి పేవ్‌మెంట్ లాంటిది కాదు, అక్కడ ఆంక్షలు పెట్టొచ్చని 1990లో ఇక్కడి సుప్రీంకోర్టు తీర్పు ఉంది. మేం ఆ గీత దాటం. ఇండియాలో చేయాలనుకుంటే ముందు స్టేషన్‌లో కాగితం ఇవ్వండి. మనం 144 అనే సెక్షన్ 2024 జూలై నుంచి కొత్త చట్టంలో 163 అయింది. అది అమల్లో ఉంటే మౌనంగా ఉన్నా గుంపు గుంపే.

అపోహ: ఇది మన గాంధీగారి పద్ధతి.

గాంధీగారు సోమవారాలు మౌనం పాటించిన మాట నిజమే. కానీ మా వరసలో సగం మంది క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవాళ్లు. మౌనంగా కూర్చోవడమే వాళ్ల ప్రార్థన, 17వ శతాబ్దం నుంచీ.

అపోహ: ఇలా నిలబడితే యుద్ధాలు ఆగుతాయి.

ఈ మాట మావాళ్లే కొందరు అంటారు, నేను ఒప్పుకోను. సెర్బియా రాజధాని బెల్‌గ్రేడ్‌లో మహిళలు 1991 అక్టోబరు నుంచి నిలబడుతూనే ఉన్నారు, అయినా 1992లో బోస్నియాలో సెర్బు సేనలు మొదలుపెట్టిన సారయెవో నగర ముట్టడి దాదాపు నాలుగేళ్లు సాగింది. మరెందుకంటే, ఆ యుద్ధం తమ పేరు మీద జరగడానికి ఒప్పుకోనివాళ్లు ఆ ఊళ్లోనే ఉన్నారని వారం వారం అందరికీ కనబడింది. నాకు అది చాలు. చాలనివాళ్లు ఉత్తరాలు రాస్తారు, ఓట్ల పని చేస్తారు. మాలో చాలామంది రెండూ చేస్తారు.

ఒంటిగంటకు చేతులు కలుపుకుంటాం, బోర్డులు నా కారు డిక్కీలోకి వెళ్తాయి. చలికాలంలో రావాలనుకుంటే రెండు జతల సాక్సులు వేసుకురండి. కదలకుండా నిలబడేవాళ్లకు చలి కాళ్ల నుంచే ఎక్కుతుంది.