మొదలూ చివరా కనబడని బుట్ట

అమెరికా ఆదివాసులైన చెరోకీల రెండు పొరల బుట్టను చేతిలోకి తీసుకుని, అల్లిక ఎక్కడ మొదలైందో వెతకండి. దొరకదు. లోపలి అడుగున మొదలై, గోడగా పైకి లేచి, అంచు దగ్గర మడత తిరిగి, అవే బద్దలు బయటి గోడగా దిగి బయటి అడుగున కలుస్తాయి.

అమెరికాలో నార్త్ కరొలైనా పడమటి కొండల్లో ఉండే చెరోకీలు దీన్ని రివర్ కేన్‌తో అల్లుతారు. అది ఆ నేల సొంత వెదురు, మన మేదరుల వెదురుకు చుట్టం. గడను నిలువునా చీల్చి, లోపలి మెత్తదనాన్ని కత్తితో గీకేసి, మెరిసే పైపొరతో పలుచని బద్దను మిగుల్చుకుంటారు. ఆ పొరలో సిలికా ఉంటుంది. బద్దకు గట్టిదనం, నునుపు దానివల్లే. రంగు ఓ పట్టాన ఎక్కనిదీ దానివల్లే. అందుకే బద్దల్ని రంగునీళ్లలో గంటల తరబడి మరగబెడతారు.

ఆ రంగులంటే నాకు ఎంతో ఇష్టం. నల్ల అక్రోటు పచ్చికాయ తొక్క ఒలిస్తే వేళ్లకు గోధుమరంగు పట్టి రోజుల తరబడి వదలదు. తెగిన తొక్కకు గాలి తగిలి, అందులోని పదార్థం జుగ్లోన్ అనే రంగుపదార్థంగా మారుతుంది. కలంకారీలో ఎరుపు నిలవాలంటే పటిక కావాలి. ఈ తొక్క రంగుకు అదీ అక్కర్లేదు. బుట్టలకు ఆ చెట్టు వేళ్లు, బెరడు కూడా పనికొస్తాయి. నారింజ ఛాయ బ్లడ్‌రూట్ అనే మొక్క దుంపది. విరిస్తే నెత్తురులా రసం కారుతుంది. అందులోని సాంగ్వినరిన్ అనే పదార్థం మన చేలగట్ల మీది బలురక్కసిలోనూ ఉంది. రెండూ గసగసాల కుటుంబంవే.

1838లో చెరోకీల్లో ఎక్కువమందిని సొంత నేల నుంచి పడమటికి, నేటి ఓక్లహోమాకు తరిమేశారు. కొండల్లో మిగిలినవారిలో ఈ రెండు పొరల అల్లిక దాదాపు మరుగున పడింది. 1940లలో, అక్కడి బడిలో అల్లిక నేర్పే లాటీ స్టాంపర్ చేతికి ఒక ఫొటో వచ్చింది. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న పాత బుట్టది. అది ఇంగ్లండ్ చేరి అప్పటికే రెండు వందల ఏళ్లు దాటింది. ఆ బొమ్మ చూసే ఆమె అల్లిక గుట్టు విప్పి, పిల్లలకు నేర్పింది.

ఇప్పుడు కరువు గడకే. పొలాల కోసం కొట్టేయగా, పశువులు మేసేయగా, ఒకప్పటి రివర్ కేన్ పొదల్లో మిగిలింది 2 శాతం లోపే. ఏళ్లకేళ్లు పూయదు కాబట్టి విత్తనం దొరకడం కష్టం. అందుకే నేలలో పాకే దుంపవేళ్లను మట్టితో సహా పెళ్లగించి, ఏటిగట్ల మీద మళ్లీ నాటుతున్నారు.