గయాలు ఏమయ్యాయి? విశాఖ మేత భూముల వెనుక కథ

2024 నవంబరులో శాసనసభ విశాఖ డెయిరీ వ్యవహారాల మీద సభాసంఘం వేసింది. వేలాది పాడి రైతుల బతుకు ఆధారపడిన సంస్థ గురించి ఎమ్మెల్యేలు ఆరా తీయడం అవసరమే. అయితే ఆ పాలిచ్చే గేదె ఎక్కడ మేస్తోందన్నది కూడా ఎవరో ఒకరు అడగాలి. ఆనందపురం దాటాక హైవే పక్కన పొద్దున్నే కొడవలితో గడ్డి కోసి, మోపు కట్టి స్కూటర్ వెనక పెట్టుకునే మనుషులు కనిపిస్తారు. ఊళ్లో మేత లేకే రోడ్డు అంచుకి వచ్చారు.

మేత లేకపోవడానికి కారణం ఒక్క కరువే కాదు, కాగితాలు కూడా.

1802 నాటి శాశ్వత శిస్తు ఏర్పాటుతో ఈ జిల్లా చాలా భాగం జమీందారీల కింద ఉండిపోయింది. ఎవరి సాగులోనూ లేని ఖాళీ భూమిని ఇక్కడి రికార్డుల్లో గయాలు అనేవారు, పశువులు గుమిగూడే చోటు మందబయలు. అవి ఊరందరివని ఊరు అనుకునేది, తనవని జమీందారు అనుకునేవాడు. అడవిలో మేతకు, వంటచెరకుకు డబ్బు కట్టాల్సి రావడం అప్పటి రైతుల పెద్ద ఫిర్యాదుల్లో ఒకటి.

దీని మీద చట్టసభ సభ్యులు గట్టిగా కూర్చుని అధ్యయనం చేసిన సందర్భం ఒకటుంది. 1937లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ మంత్రివర్గం వచ్చాక, రెవెన్యూ మంత్రి టంగుటూరి ప్రకాశం అధ్యక్షతన ఉభయ సభల సభ్యులతో ఎస్టేట్ల విచారణ సంఘం ఏర్పడింది. రైతుల నుంచీ, జమీందారుల నుంచీ సాక్ష్యాలు తీసుకుని 1938లో నివేదిక ఇచ్చింది. భూమికి యజమాని రైతే, జమీందారు శిస్తు వసూలు చేసేవాడు మాత్రమే అని తేల్చింది. నా దృష్టిలో తెలుగు నేల గురించి చట్టసభ చేసిన అతి ముఖ్యమైన పని అదే. 1939 అక్టోబరులో మంత్రివర్గం రాజీనామా చేయడంతో అప్పటికది చట్టం కాలేదు.

జమీందారీ రద్దు చట్టం 1948లో వచ్చింది. రైతుకు మేలు చేసిన చట్టమే, కానీ మూడో సెక్షన్ చదివితే అసలు మలుపు తెలుస్తుంది. ఎస్టేట్‌లోని ఉమ్మడి భూములు, పోరంబోకులు, బంజర్లు, పచ్చిక బయళ్లు, అడవులు, చెరువులు అన్నీ ప్రభుత్వానికి దఖలు పడతాయని అందులో ఉంది. సాగుభూమి రైతుకు జిరాయితీ, అంటే సొంత పట్టా భూమి, అయింది. మేత భూమికి మాత్రం జమీందారు పోయి సర్కారు యజమాని అయింది, ఊరు కాలేదు.

తర్వాతి పంపకాలన్నిటికీ ఆ భూమే చేతికి అందింది. కొంత పేదలకు డి-పట్టాలుగా, అంటే సర్కారు పంచిన అసైన్డ్ భూమిగా, వెళ్లింది, అది న్యాయమే. ఆ పట్టాలు చేతులు మారకుండా 1977లో చట్టం కూడా చేశారు. ఉక్కు కర్మాగారాన్ని 1970 ఏప్రిల్‌లో ప్రకటించి 1971లో శంకుస్థాపన చేశారు. దాని కోసం 64 గ్రామాలు భూములిచ్చాయని ఇప్పటికీ చెప్పుకుంటారు. పట్టా పొలానికి పరిహారం లెక్క కట్టొచ్చు. మందబయలుకు ఎవరికి కడతారు? కాగితం మీద అది సర్కారుదే కదా. అక్కడ మేసిన పసుల లెక్క ఎవరి ఫైల్లోనూ ఉండదు.

పంచాయతీరాజ్ చట్టం కొంత రక్షణ ఇచ్చింది. మేత బీళ్లు, కళ్లాలు, శ్మశానాలు, తోపుల వంటి పోరంబోకులను గ్రామ పంచాయతీకి అప్పగించింది. కానీ 2005లో గాజువాకతో పాటు చుట్టుపక్కల ఊళ్లు కలిసి జీవీఎంసీ (మహా విశాఖ నగరపాలక సంస్థ) అయింది, తర్వాత భీమిలి కూడా కలిసింది. పంచాయతీయే లేని చోట మేత బీడు గురించి అడిగే గ్రామసభ కూడా లేదు. నిన్నటి బీడు ‘ఖాళీ ప్రభుత్వ స్థలం’ అయిపోయింది.

2020 జనవరిలో ఇళ్ల స్థలాల కోసం విశాఖ జిల్లాలో 6,116 ఎకరాలు సమీకరించాలని ఉత్తర్వు వచ్చింది. అసైన్డ్ భూములు, ఏళ్ల తరబడి ఆక్రమణలో ఉన్న ప్రభుత్వ భూములే దాని లక్ష్యం. ఇల్లు లేనివాళ్లకు ఇల్లు కావాలి, అందులో రెండో మాట లేదు. కానీ అలాంటి కొండవాలు భూముల్లో చాలాచోట్ల జీడితోటలుంటాయి, వాటి కింద మేకలు మేస్తుంటాయి.

వ్యవసాయం ఒక శాఖ, పశుసంవర్ధకం ఇంకొకటి, భూమి రెవెన్యూది, మాస్టర్ ప్లాన్ వీఎంఆర్‌డీఏ అనే నగర ప్రాంత అభివృద్ధి సంస్థది. పద్మనాభం మండలం రైతు ఇంట్లో మాత్రం ఇవన్నీ ఒకే పశువులశాల దగ్గర కలుస్తాయి. ఎండుగడ్డి కొనాలి, తవుడు కొనాలి, పాలేమో డెయిరీ వాళ్లు చెప్పిన రేటుకే పోయాలి.

సభాసంఘం ఏదైనా మళ్లీ ఈ జిల్లాకు వస్తే, డెయిరీ లెక్కలతో పాటు జమీందారీ రద్దు తర్వాత తయారైన సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగళ్లు (సర్వే నంబర్ల వారీ భూమి రికార్డులు) కూడా తెప్పించుకోవాలి. ఏ సర్వే నంబరు మందబయలు అని రాసి ఉందో చూసి, ఇప్పుడు ఆ నంబరులో ఏముందో వెళ్లి చూడాలి.