యూఎస్‌బీ డ్రైవర్లు: అపోహలు - వాస్తవాలు

గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్టు కాటా కంప్యూటర్‌కు బరువు పంపడం మానేసినా, విజయవాడ ఆటోనగర్ షెడ్డులో బండి స్కానర్ కనెక్ట్ కాకపోయినా ముందుగా వినపడే మాట ఒక్కటే: "డ్రైవర్ పోయింది, మళ్లీ వెయ్యాలి." డివైస్‌ను నడిపే ప్రోగ్రామే డ్రైవర్, అది అంత తేలిగ్గా పోదు. పోయింది వేరే ఏదో. అదేమిటో కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి భాగం) తన లాగ్‌లో, అంటే చిట్టాలో, రాసే పెడుతుంది, మనమే చదవం. ఇక్కడ రాస్తున్నది లైనక్స్ గురించి. ఉబుంటు మీద నడిచే బిల్లింగ్ కంప్యూటర్‌కైనా, రాస్‌బెర్రీ పై పెట్టెకైనా, ప్రాజెక్టు కోసం సొంతంగా డ్రైవర్ రాసే ఇంజినీరింగ్ విద్యార్థులకైనా ఇవే వర్తిస్తాయి.

అపోహ: డ్రైవర్ లేకపోతే కంప్యూటర్ డివైస్‌ను గుర్తించదు.

గుర్తిస్తుంది. ఆ పని డ్రైవర్‌ది కాదు, కెర్నల్‌లోని యూఎస్‌బీ కోర్‌ది. ప్లగ్ పెట్టగానే డివైస్ తన రెండు డేటా తీగల్లో ఒకదాన్ని 1.5 కిలో ఓమ్‌ల రెసిస్టర్‌తో పైకి లాగుతుంది. హబ్‌కు అది తెలుస్తుంది. హోస్ట్, అంటే కంప్యూటర్, రీసెట్ ఇచ్చి, అడ్రస్ కేటాయించి, డివైస్ తన గురించి తాను చెప్పుకునే 18 బైట్ల డివైస్ డిస్క్రిప్టర్ చదువుతుంది. వెండర్ ఐడీ, ప్రాడక్ట్ ఐడీ అందులోనే ఉంటాయి. ఇంతవరకు ఆ డివైస్ డ్రైవర్‌తో పనే లేదు. కాబట్టి ఎల్ఎస్‌యూఎస్‌బీ కమాండ్ చూపే జాబితాలో డివైస్ లేకపోతే, డ్రైవర్ ఎన్నిసార్లు వేసినా దండగే.

టెర్మినల్‌లో డీమెసేజ్ కమాండ్‌తో కెర్నల్ లాగ్ తెరిచి ఉంచి, ప్లగ్ తీసి మళ్లీ పెట్టండి. డివైస్ మీద లైటు వెలిగినా లాగ్‌లో ఒక్క వరుస కూడా రాలేదంటే, డేటా తీగలు లేని చార్జింగ్ కేబుల్ అయినా అయ్యుండాలి, పోర్టయినా పోయి ఉండాలి. డిస్క్రిప్టర్ చదవలేక "ఎర్రర్ -71" వస్తే తీగలున్నాయి గానీ సిగ్నల్ చెడిపోతోంది, లేదా అవతలి నుంచి సరైన జవాబు రావట్లేదు. "-110" అంటే ఇచ్చిన గడువు దాటినా బదులు లేదు. రెండింటికీ మొదటి మందు ఒకటే: కేబుల్ మార్చండి, మధ్యలో హబ్ ఉంటే తీసేయండి, క్యాబినెట్ ముందు పోర్టు వదిలి వెనక మదర్‌బోర్డు పోర్టులో పెట్టండి.

కరెంటు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. యూఎస్‌బీ 2.0 పోర్టు 500 మిల్లీఆంపియర్ల వరకు ఇస్తుంది. సొంత అడాప్టర్ లేని హబ్ ఒక్కో పోర్టుకు 100 మాత్రమే ఇవ్వగలదు. డివైస్ అంతకు మించి అడిగితే జాబితాలో పేరు కనిపిస్తుంది గానీ ఏ డ్రైవరూ తగులుకోదు. బస్ పవర్ చాలక కాన్ఫిగరేషన్ తిరస్కరించానని కెర్నల్ లాగ్‌లో స్పష్టంగా రాస్తుంది. దీన్ని చూసి "డ్రైవర్ లేదు" అనుకునేవాళ్లే ఎక్కువ.

అపోహ: కంపెనీ సీడీ లేకపోతే పని జరగదు.

కీబోర్డు, మౌస్, పెన్‌డ్రైవ్, వెబ్‌క్యామ్, మైకు, చాలా ప్రింటర్లు తాము ఏ క్లాసుకు (రకానికి) చెందినవో డిస్క్రిప్టర్‌లో చెప్పుకుంటాయి. కీబోర్డు, మౌస్‌లుండే హెచ్‌ఐడీ క్లాసుకు 03, ప్రింటర్‌కు 07, మాస్ స్టోరేజ్‌కు 08. ఆ నంబరు చూసే కెర్నల్ డ్రైవర్‌ను జత చేస్తుంది. పైగా డ్రైవర్ తగిలేది డివైస్ మొత్తానికి కాదు, ఒక్కో ఇంటర్‌ఫేస్‌కు, అంటే డివైస్ చేసే ఒక్కో పనికి. మైకున్న వెబ్‌క్యామ్‌లో బొమ్మను ఒక డ్రైవర్, శబ్దాన్ని ఇంకో డ్రైవర్ చూస్తాయి. బొమ్మ వచ్చి శబ్దం రాకపోతే ఆ రెండో దాని గురించే వెతకాలి.

అపోహ: కాటా మధ్యాహ్నం దాకా బాగానే పనిచేసి ఆగిపోయింది కాబట్టి డ్రైవర్ క్రాష్ అయింది.

ఈ ఫిర్యాదుకు మాత్రం కాస్త ఓపిగ్గా జవాబు చెప్పాలి. ఎలక్ట్రానిక్ కాటా వెనక ఆర్ఎస్-232 సీరియల్ పోర్టు ఉంటుంది. దానికి సీహెచ్340 చిప్పున్న కన్వర్టర్ తగిలించి కంప్యూటర్‌లో పెడతారు. కెర్నల్‌లో దాన్ని నడిపేది సీహెచ్341 అనే మాడ్యూల్. పేరులో తేడా చూసి కంగారు పడక్కర్లేదు. సాఫ్ట్‌వేర్‌కు అది టీటీవైయూఎస్‌బీ0 అనే పేరున్న ఫైలుగా కనిపిస్తుంది.

పక్కన కోల్డ్ స్టోరేజీ కంప్రెసరో, వెల్డింగ్ సెట్టో ఆన్ అయిన క్షణాన తీగలో పుట్టిన కుదుపుకు హబ్ ఆ పోర్టును ఆపేస్తుంది. లాగ్‌లో "డిజేబుల్డ్ బై హబ్, ఈఎంఐ?" అన్న వరుస వస్తుంది. ఆ ప్రశ్నార్థకం కెర్నల్ పెట్టిందే. విద్యుదయస్కాంత అలజడి కావచ్చునని దాని అనుమానం. వెంటనే పోర్టును మళ్లీ లేపుతుంది, డివైస్ తిరిగొస్తుంది, డ్రైవర్ మళ్లీ తగులుకుంటుంది. అయినా తెర మీద బరువు కదలదు. ఎందుకంటే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పాత టీటీవైయూఎస్‌బీ0ను మూయకుండా పట్టుకునే ఉంది. ఆ నంబరు ఖాళీ కాలేదు గనుక తిరిగొచ్చిన కన్వర్టర్‌కు టీటీవైయూఎస్‌బీ1 దక్కింది. పాతదాన్ని చదివితే సున్నా బైట్లు, దాంట్లో రాస్తే ఐఓ ఎర్రర్. టిక్కీలు (మిర్చి బస్తాలు) వరసగా కాటా ఎక్కుతూనే ఉంటాయి, బిల్లులో మాత్రం పాత బరువే నిలిచిపోతుంది. రైతు డబ్బుతో ముడిపడ్డ లెక్క ఇది, అందుకే ఈ తప్పును చిన్నదిగా చూడకూడదు.

మందు రెండు చోట్ల వేయాలి. సాఫ్ట్‌వేర్‌లో: సున్నా బైట్లు గానీ ఎర్రర్ గానీ వస్తే ఫైలు మూసి, మళ్లీ తెరవాలి, ఈలోగా బరువు గడిని ఖాళీ చేయాలి. పేరుగా టీటీవైయూఎస్‌బీ0 వాడొద్దు, డెవ్ కింద సీరియల్ ఫోల్డర్‌లోని బై-పాత్ పేరు వాడండి. అక్కడే ఉండే బై-ఐడీ పేరు ఎందుకు కాదంటే, సీహెచ్340లో సాధారణంగా సీరియల్ నంబరు ఉండదు, రెండు కాటాలుంటే రెంటికీ ఒకటే పేరు వస్తుంది. బై-పాత్ పోర్టును బట్టి ఉంటుంది కాబట్టి ఏ పోర్టు ఏ కాటాదో పక్కనే కాగితం అంటించండి. తీగల్లో: కాటా దూరంగా ఉంటే ఆ దూరాన్ని ఆర్ఎస్-232 వైపు పెట్టండి, యూఎస్‌బీ తీగ మీటరుకు మించనివ్వకండి. షీల్డున్న కేబుల్ వాడండి, ఎర్తింగ్ చూపించండి. అప్పటికీ ఆగకపోతే రెండు వైపులనూ విద్యుత్తు పరంగా వేరుచేసే యూఎస్‌బీ ఐసొలేటర్ పెట్టండి.

అపోహ: సీహెచ్340 ఉబుంటు 22.04కు సరిపడదు.

సరిపడుతుంది. టీటీవైయూఎస్‌బీ0 వచ్చి వెంటనే మాయమైతే లాగ్‌లో బీఆర్‌ఎల్‌టీటీవై పేరు వెతకండి. అది అంధులు వాడే బ్రెయిలీ డిస్‌ప్లేల ప్రోగ్రాము. కొన్ని డిస్‌ప్లేలలో కూడా ఇదే చిప్పు, ఇవే ఐడీలు ఉండటంతో మన కన్వర్టర్‌ను తనదనుకుని లాక్కుంటుంది. ఆ కంప్యూటర్‌పై బ్రెయిలీ వాడేవాళ్లు లేకపోతే ప్యాకేజీ తీసేయండి. ఉంటే మాత్రం తీయొద్దు, ఏ డివైస్ తగిలితే ఏం చేయాలో చెప్పే యూదేవ్ రూల్స్‌లో ఆ చిప్పు వరుస ఒక్కటీ ఆపండి. పర్మిషన్ డినైడ్ అని వస్తే అది వేరే సంగతి: యూజర్‌ను డయలౌట్ గ్రూపులో చేర్చి, లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవ్వాలి.

అపోహ: మౌస్ కదిలితే అది కంప్యూటర్‌కు ఇంటరప్ట్ పంపుతుంది.

పేరు ఇంటరప్ట్ ట్రాన్స్‌ఫరే. యూఎస్‌బీ 2.0 వరకు పద్ధతి మాత్రం హోస్ట్ పదేపదే అడగడమే. ఎండ్‌పాయింట్ (డివైస్‌లో డేటా వచ్చిపోయే ద్వారం) డిస్క్రిప్టర్‌లో అడిగే వ్యవధి 10 అని ఉంటే ఫుల్ స్పీడ్ డివైస్‌ను కనీసం 10 మిల్లీసెకన్లకోసారి అడుగుతుంది. హై స్పీడ్‌లో అదే అంకెకు అర్థం మారుతుంది, లెక్క 125 మైక్రోసెకన్ల మైక్రోఫ్రేముల్లో, రాసిన అంకెలో ఒకటి తగ్గించి 2కు ఘాతంగా వేసి నడుస్తుంది. 4 అని రాస్తే 8 మైక్రోఫ్రేములు, అంటే 1 మిల్లీసెకను. సొంత బోర్డుకు ఫర్మ్‌వేర్ రాసేవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

అపోహ: నా డ్రైవర్ ల్యాబ్‌లో పనిచేసింది, కాబట్టి సరిగ్గానే ఉంది.

ఇది సొంతంగా డ్రైవర్ రాసేవాళ్లకు. ఫంక్షన్ లోపల స్టాక్ మీద పెట్టుకున్న అర్రేను యూఆర్‌బీ (డివైస్‌కు డ్రైవర్ పంపే డేటా అభ్యర్థన) బఫర్‌గా ఇస్తే పాత కెర్నల్‌లో అదృష్టం కొద్దీ నడిచేది. 2016 డిసెంబరులో వచ్చిన కెర్నల్ 4.9 నుంచి 64 బిట్ ఎక్స్86లో కెర్నల్ స్టాక్‌ను వీమ్యాప్ చేసే (వర్చువల్ మ్యాపింగ్‌తో కేటాయించే) వీలొచ్చింది, ఆ మెమరీకి డీఎంఏ (ప్రాసెసర్ ప్రమేయం లేకుండా హార్డ్‌వేర్ నేరుగా మెమరీని వాడటం) కుదరదు. బఫర్‌ను కెర్నల్ మెమరీ కేటాయించే కేమాలాక్‌తోనే తీసుకోండి. యూఆర్‌బీ పూర్తవగానే కెర్నల్ పిలిచే కంప్లీషన్ కాల్‌బ్యాక్‌లో నిద్రపోకూడదు, అక్కడ మెమరీ కావాలంటే నిద్రపోకుండా ఇచ్చే జీఎఫ్‌పీ అటామిక్ ఫ్లాగ్ వాడాలి. స్టేటస్ చూడకుండా యూఆర్‌బీని తిరిగి సబ్మిట్ చేస్తే, ప్లగ్ పీకిన క్షణం నుంచి డిస్‌కనెక్ట్ పిలుపు వచ్చేదాకా -71తో తిరుగుతూ లాగ్ నింపేస్తుంది. డిస్‌కనెక్ట్‌లో ముందు యూఆర్‌బీలను కిల్ చేసి, ఆ తర్వాతే బఫర్లు వదలాలి. ఎవరైనా ఫైలు తెరిచి ఉంచితే డ్రైవర్ స్ట్రక్చర్‌ను అప్పుడే ఫ్రీ చేయకండి, దాన్ని ఎంతమంది వాడుతున్నారో లెక్కపెట్టే కేరెఫ్ సున్నా అయ్యాకే.

పరీక్ష కూడా అలాగే పెట్టండి: డేటా పారుతుండగా ప్లగ్ పీకండి, ఫైలు తెరిచి ఉండగా పీకండి, ప్రోబ్ (డ్రైవర్ డివైస్‌కు తగులుకునే దశ) నడుస్తుండగా పీకండి. కేసాన్ (మెమరీ తప్పులు పట్టే సాధనం) ఆన్ చేసిన కెర్నల్ మీద ఒక్కోదాన్ని పాతికసార్లు చేసి, ప్రతిసారీ లాగ్ చదవండి.