లూపు ఉండగా ఒంట్లో కొత్తగా ఏదైనా కనిపిస్తే

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం వైపు మన ఆడవాళ్లకు గర్భం రాకుండా గర్భాశయంలో వేసేది ఏదైనా ‘కాపర్ టీ’యే. ఆశా దీదీ వెంట వెళ్లి సర్కారు ఆసుపత్రిలో వేయించుకున్న రాగి లూపూ అదే, విశాఖలో డబ్బు పెట్టి వేయించుకొచ్చిన హార్మోను లూపూ అదే. రెండూ టీ ఆకారంలోనే ఉంటాయి మరి. తేడా కాడ దగ్గర ఉంది. ఒకదానికి రాగి తీగ చుట్టి ఉంటుంది, రెండోదానికి 52 మిల్లీగ్రాముల లీవోనార్‌జెస్ట్రెల్ అనే హార్మోను పట్టించిన తొడుగు. రాగి నెలసరిని ఎక్కువ చేస్తుంది, హార్మోను తగ్గిస్తుంది. కాబట్టి ముందు తేలాల్సింది లోపలున్నది ఏదన్నదే. విశాఖలో ఇచ్చిన కార్డును ఆధార్ పక్కనే దాచి, ఫోనులో ఫోటో తీసి పెట్టుకోండి. రాయగడలో డాక్టరుకు అదే చూపించాలి.

హార్మోను లూపు మొదట్లో రోజుకు సుమారు 20 మైక్రోగ్రాముల మందు వదులుతుంది. అది ముఖ్యంగా గర్భాశయం లోపలి పొరను పల్చన చేస్తుంది. మొదటి మూడు నుంచి ఆరు నెలలు వేళాపాళా లేకుండా చుక్కలు కనబడేది అందుకే. ఏడాది తిరిగేసరికి దాదాపు ఐదుగురిలో ఒకరికి నెలసరే ఆగిపోతుంది. చెడు రక్తం కడుపులో పేరుకుపోతోందని అత్తగార్లు బెంగపెట్టుకుంటారు. పొరే ఎదగనప్పుడు పేరుకోవడానికి ఏముంది?

ఆగిన నెలసరి మళ్లీ మొదలైనా, కుదురుకున్న తీరు తప్పినా సంగతి వేరు. లూపు జారిందేమో చూడాలి. చేతులు కడుక్కుని, గొంతుక్కూర్చుని వేలితో తడిమితే గర్భాశయ ద్వారం దగ్గర సన్నటి దారాలు తగలాలి. గట్టిగా ప్లాస్టిక్ తగిలినా, దారాలు దొరకకపోయినా స్కానింగ్ చేయించాలి, అందాకా కండోమ్ వాడాలి. స్కానింగ్‌లోనూ కనబడకపోతే పడిపోయిందని అనుకోవద్దు. గోడ చీల్చుకుని పొట్టలోకి పోయి ఉండొచ్చు, అది ఎక్స్‌రేలో దొరుకుతుంది.

గర్భ పరీక్ష కూడా చేసుకోవాలి. హార్మోను లూపు ఉండగా గర్భం అరుదే, ఏడాదికి వెయ్యిమందిలో ఇద్దరికి మించదు. కానీ వచ్చిన వాటిలో సగం దాకా గర్భాశయంలో కాక దాని పక్కనుండే ట్యూబులో నిలిచేవి కావచ్చు. పొత్తికడుపులో ఒక పక్క నొప్పి, కళ్లు తిరగడం, దెబ్బ తగలకుండానే భుజం పీకడం ఉంటే వెంటనే 108కి ఫోన్ చేయాలి. ట్యూబు పగిలి కారిన రక్తం పొట్టకూ ఛాతీకీ మధ్య పొరను ఒరుసుకుంటే ఆ నొప్పి భుజంలో తెలుస్తుంది.

జ్వరం దగ్గర ఈ కొండ ప్రాంతాల్లో ఒక చిక్కుంది. జ్వరమంటే ముందు మలేరియా కిట్టే. అది సరైన పనే. కానీ రక్తం తీసేవాళ్లు లూపు ఉందా అని అడగరు, ఆవిడ చెప్పదు. కిట్టులో రెండో గీత రాదు, పారాసిటమాల్ చేతికొస్తుంది. జ్వరంతో పాటు పొత్తికడుపు నొప్పి, వాసనతో తెల్లబట్ట, కలయికలో మంట ఉంటే అది గర్భాశయం, ట్యూబుల ఇన్‌ఫెక్షన్ కావచ్చు. లూపు వేసిన మొదటి మూడు వారాల్లో ఈ ముప్పు ఎక్కువ. కిట్టు పాజిటివ్ వచ్చినా ఈ లక్షణాలుంటే లోపల పరీక్ష తప్పదు.

జుట్టు రాలితే అందరి కళ్లూ లూపు మీదే. అరుదుగా దానివల్లా రాలుతుంది. అయితే కాన్పయిన ఆరు వారాలకు లూపు వేస్తారు, కాన్పు తర్వాత జుట్టు మామూలుగానే మూడు నాలుగు నెలలకు ఊడుతుంది. రెండూ ఒకదాని వెనకే వచ్చి నింద లూపుకు చుట్టుకుంటుంది. రక్తహీనత, థైరాయిడ్ చూపించుకోకుండా లూపు తీయించుకుంటే జుట్టు ఆగకపోవచ్చు. మొటిమలు, రొమ్ముల సలపరం, దిగులు మాత్రం హార్మోను పనే కావచ్చు, కొన్ని నెలల్లో తగ్గకపోతే తీయించుకోవడం మీ హక్కు. కళ్ల ముందు మెరుపు గీతలతో కొత్తగా తలనొప్పి వచ్చినా, కామెర్లు కనబడినా అన్ని రోజులు ఆగొద్దు.

గర్భం రాకుండా చేతి చర్మం కింద పెట్టే 4 సెంటీమీటర్ల హార్మోను కడ్డీ ఉన్నవాళ్లు క్షయ మందులు మొదలుపెడితే ఆ సంగతి తప్పక చెప్పాలి. వాటిలోని రిఫాంపిసిన్ వల్ల కాలేయం ఆ హార్మోనును త్వరగా విరిచేస్తుంది, కడ్డీ పని దెబ్బతింటుంది. లూపు గర్భాశయంలోనే పనిచేస్తుంది కాబట్టి దానికి ఆ బాధ లేదు.

లూపును ఇంట్లో దారం పట్టి లాగకూడదు. ఆసుపత్రిలో తీయడం నిమిషం పని. గర్భం వద్దనుకుంటే తీసే ముందు వారం రోజులు కలయిక మానేయాలి, లేదా కండోమ్ వాడాలి. లోపల ఉన్న వీర్యకణాలు కొన్ని రోజులు బతికే ఉంటాయి, లూపు మాత్రం ఉండదు.